ఫ్యాక్టరీ ఆవరణలో పక్షులకూ జంతువులకూ చోటు: ఉద్యోగుల బృందం ఎక్కడ మొదలుపెట్టాలి?

సున్నపురాయి_షిఫ్ట్:
అందరికీ నమస్తే. మాది నంద్యాల వైపు సిమెంట్ ప్లాంటు. మెకానికల్, ఎలక్ట్రికల్, మైన్స్, సెక్యూరిటీ, క్యాంటీన్ వాళ్లం కలిసి ఓ బృందంగా ఏర్పడ్డాం. యాజమాన్యం సరే అంది, బడ్జెట్ మాత్రం కొంచెమే. ఇప్పుడున్న పరిస్థితి ఇది. అనుమతి షరతు ప్రకారం 33 శాతం గ్రీన్‌బెల్ట్ ఉంది, అందులో ఎక్కువ భాగం సుబాబుల్, నీలగిరి, ఆస్ట్రేలియా తుమ్మ, గోడ వెంట కోనోకార్పస్. తవ్వకం అయిపోయిన పాత గుంట ఒకటి వాన నీటితో నిండి ఉంది, గట్లు నిలువుగా ఉంటాయి. కేబుల్ ట్రెంచుల్లో ఎలుకలు. ప్రీహీటర్ టవర్ (ముడిపొడిని వేడిచేసే ఎత్తైన కట్టడం) మీద పెద్ద తేనెపట్లు. కాలనీ వెనక ముళ్లపొదల ఖాళీ జాగా ఉంది, దాన్ని చదును చేసి 2 వేల మొక్కలు నాటుదామని ప్రతిపాదన. జూన్ 5లోపు ఏదో ఒకటి మొదలుపెట్టాలంటున్నారు. ఏది ముందు?

బలుసుపొద:
ముందు ఆ 2 వేల మొక్కల ప్రతిపాదన ఆపించండి.

రాయలసీమలో ముళ్లపొదల నేల బీడు కాదు. బలుసు, వాకాయ, రేగు, నక్కెర, మధ్య మధ్య గడ్డి, గులకరాళ్ల నేల: ఇదే ఇక్కడి అసలు అడవి. కౌజులు, తీతువు పిట్టలు, చెవులపిల్లులు, ఉడుములు బతికేది ఇందులోనే. కలివికోడి సంగతి తెలిసిందే కదా. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్న పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దానికి కావలసింది దట్టమైన అడవి కాదు, పొదల మధ్య నడవడానికి ఖాళీ ఉన్న నేల. మీ కాలనీ వెనక కలివికోడి ఉంటుందని నేననడం లేదు. అలాంటి నేలను "ఖాళీ జాగా" అని రాసేసి జేసీబీ తోలితే ఏం పోతుందో చెబుతున్నాను.

ఆవరణ మ్యాపు ఒకటి ప్రింటు తీసి నాలుగు రంగులు వేయండి: ఉన్నది ఉన్నట్టు వదిలే చోటు, నాటే చోటు, నీటి చోటు, ముట్టుకోకూడని ప్రాసెస్ ఏరియా. తర్వాత లెక్కింపు. 8 నుంచి 10 స్థిరమైన పాయింట్లు పెట్టుకోండి, ఒకదానికొకటి 200 మీటర్ల దూరం ఉండాలి, లేకపోతే ఒకే పిట్టను రెండుసార్లు లెక్కేస్తారు. సూర్యోదయం నుంచి రెండు గంటల్లోపు పాయింటుకు 10 నిమిషాలు, ఇద్దరు మనుషులు, పదిహేను రోజులకోసారి. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి. ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) ఎక్కించండి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ చూడకుండా "ఇక్కడ ఏమీ లేవు" అని తేల్చకండి. చలికాలపు వలస పిట్టల్ని జూన్‌లో వెతికితే ఎక్కడ దొరుకుతాయి?

జేసీబీ_వద్దు:
పై పోస్టుకు ఒక మాట కలుపుతాను. సర్కారు తుమ్మ బాగా అల్లుకుపోయి ఉంటే దాన్ని మాత్రం తీయాలి. కానీ యంత్రంతో కాదు, మనుషులతో, వేరు మొదలు తవ్వి. నేలమట్టానికి నరికితే మళ్లీ పది పిలకలు వేస్తుంది. ఒకేసారి మొత్తం తీస్తే నేల బోసిపోయి, మొదటి వానకే అవే విత్తనాలు మొలుస్తాయి. ఏడాదికి మూడో వంతు చొప్పున తీయండి.

పచ్చరొట్ట:
గ్రీన్‌బెల్ట్ గురించి. కోనోకార్పస్ నీటి పైపుల్లోకి, డ్రెయిన్లలోకి వేళ్లు పంపుతుంది. గుజరాత్ 2023లో నిషేధించింది కూడా. అయినా మొత్తం ఒకేసారి కొట్టకండి. దుమ్ము ఆపే గోడ ఒక్కరోజులో పోతుంది, పైగా అనుమతి షరతులో రాసిన పచ్చదనం తగ్గితే తనిఖీలో ప్రశ్న వస్తుంది. వరుస విడిచి వరుస తీస్తూ, తీసిన చోట స్థానిక మొక్క రెండు మీటర్లు పెరిగాక పక్క వరుస జోలికి వెళ్లండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ఏ చెట్టుకు అనుమతి కావాలో, దేనికి మినహాయింపు ఉందో రేంజ్ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

సిమెంట్ దుమ్ము పడే నేలలో పీహెచ్ 8.5 దాటుతుంది. అక్కడ నాటిన మొక్కల లేత ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే అది నీటి ఎద్దడి కాదు, ఇనుము అందకపోవడం. నీళ్లు ఎక్కువ పోసిన కొద్దీ ఇంకా పాడవుతుంది. అందుకే దుమ్ము వైపు మొదటి వరుసల్లో వేప, కానుగ, చింత, వెలగ, రేగు. లోపలి వైపు నేరేడు, రేల, మోదుగ, నెమలినార.

గుంత మామూలు నేలలో 60 సెం.మీ. ఘనం, ఓబీ డంపు (గని తవ్వేటప్పుడు తీసిపోసిన పైమట్టి, రాళ్ల గుట్ట) మీద 90 సెం.మీ. ఏప్రిల్‌లో తీసి ఎండనివ్వాలి. చెరువు పూడిక మట్టి సగం, తీసిన మట్టి సగం, 5 కిలోల మాగిన పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి. మాగని ఎరువు వేస్తే చెదలు పిలిచినట్టే. మొక్క మూడు, నాలుగు అడుగులది తీసుకోండి. సంచి చింపి చూడండి, వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ చుట్టను కత్తితో నిలువుగా రెండు చోట్ల కోసి నాటాలి. కోయకుండా నాటితే మూడేళ్లు బాగానే ఉంటుంది, నాలుగో ఏడు ఈదురుగాలికి పెకిలి పడుతుంది. మల్చింగ్ 10 సెం.మీ. మందం, కానీ కాండానికి జానెడు దూరం వదలాలి. మొదటి ఎండాకాలం వారానికి మొక్కకు 15 నుంచి 20 లీటర్లు.

మర్రి, రావి, జువ్వి పక్షులకు అన్నిటికన్నా గొప్ప చెట్లు. కానీ భవనానికీ డ్రెయినుకీ 20 మీటర్ల లోపు వద్దు. పిట్టలు తిన్న గింజలు సైలో పగుళ్లలో మొలుస్తాయి కాబట్టి ఏడాదికోసారి సివిల్ వాళ్లు ఆ మొలకలు పీకే పని కూడా షెడ్యూల్లో రాసుకోండి.

ట్రీట్‌మెంట్_ప్లాంట్:
మొక్కలకు ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్లు వాడతారనుకుంటా. క్లోరిన్ కలిపే ముందు ఉన్న నీటిని తీసుకోండి, లేదా ఒకరోజు బయట ట్యాంకులో ఉంచండి. కూలింగ్ టవర్ బ్లోడౌన్ (ఉప్పు పేరుకున్నాక బయటికి వదిలే నీళ్లు) మాత్రం కలపకండి. టీడీఎస్ (కరిగిన లవణాలు) లీటరుకు 2100 మి.గ్రా. దాటిన నీళ్లు మొక్కలకు వద్దు. డ్రిప్ పెడితే ఉప్పు మొదలు చుట్టూ తెల్లటి వలయంలా పేరుకుంటుంది, వానలు పడేదాకా పోదు.

సున్నపురాయి_షిఫ్ట్:
అందరికీ ధన్యవాదాలు. చదును చేసే ప్రతిపాదన మీటింగులో ఆపాం. జీఎం గారు బదులుగా "జింకల పార్కు" అంటున్నారు, నెమళ్లు కూడా వేద్దామంటున్నారు. ఏం చెప్పమంటారు?

బలుసుపొద:
కుదరదని చెప్పండి. జింకల్ని కంచె వేసి పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జంతు ప్రదర్శనశాల కిందికి వస్తుంది, సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు లేకుండా నడపకూడదు. నెమలి షెడ్యూల్ 1 పక్షి, పట్టి తెచ్చి వదలడమే నేరం. పొదలు వదిలేసి, కుక్కల్ని అదుపులో పెడితే నెమళ్లు వాటంతట అవే వస్తాయి. ఇంకొకటి, గింజలు చల్లే అలవాటు చేయకండి. పావురాలు, కోతులు మాత్రమే మిగులుతాయి.

గని_నీరు:
పాత గుంట విషయం కొంచెం వివరంగా రాస్తాను, చాలామంది ఇక్కడే తప్పుతారు.

గని లీజులో ఉన్న గుంట అయితే ఐబీఎం (ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్) ఆమోదించిన మైన్ క్లోజర్ ప్లానులో (గని మూసివేత ప్రణాళిక) ఏం రాశారో ముందు చూడండి. నీటి నిల్వ అని ఉంటే మీ పని సులువు. లేకపోతే మైన్స్ మేనేజర్ ద్వారా సవరణ చేయించాలి. చుట్టూ కంచె, తాళం, లైఫ్ బోయా, ఒంటరిగా దిగకూడదన్న బోర్డు లేకుండా వాలంటీర్లను తీసుకెళ్లకండి. ఈత రాకపోతే గట్టు అంచుకు రెండు మీటర్ల ఇవతలే.

నాలుగు వైపులా ఏటవాలు చేయక్కర్లేదు. నీడ, గాలి చూసుకుని ఒకవైపు మాత్రం 1:4 వాలు చేయండి, అంటే ఒక మీటరు దిగడానికి నాలుగు మీటర్ల దూరం. ఆ వైపు నీటి లోతు అరచేయి మునిగేంత నుంచి మోకాలి దాకా ఉండాలి. కొంగలు, ఉల్లంకులు దిగేది అక్కడే. మిగతా మూడు వైపుల నిలువు రాతిని అలాగే ఉంచండి, రాతి అరుగుల మీద కొండ గుడ్లగూబ గుడ్లు పెడుతుంది. పైన మెత్తటి మట్టి పొర ఉంటే పసిరిక పిట్టలు, లకుముకి పిట్టలు బొరియలు చేస్తాయి. "అందంగా" ఉంటుందని ఆ గోడలకు రాతికట్టడం చేయించారంటే ఆ బొరియలు మూసేసినట్టే.

తేలే దీవి పెట్టాలనుకుంటే: 110 మి.మీ. పీవీసీ పైపుతో 3 × 2 మీటర్ల ఫ్రేము, మధ్యలో ఒక అడ్డుపైపు, అడుగున నైలాన్ వల, పైన కొబ్బరిపీచు చాప, దాని మీద కొంచెం మట్టి, తుంగ దుబ్బులు. జాయింట్లన్నీ సాల్వెంట్ సిమెంటుతో అతికించి, నీళ్లలో దించే ముందు ఒకరోజు తొట్టెలో ముంచి బుడగలు వస్తున్నాయా చూడాలి. ఒక్క జాయింటు కారినా నెల తిరిగేసరికి ఒక మూల మునుగుతుంది. లంగరు రెండు వైపులా వేయాలి, తాడు పొడవు గరిష్ఠ లోతుకు ఒకటిన్నర రెట్లు. మే నెల నీటిమట్టం చూసి బిగుతుగా కడితే ఆగస్టులో నీరు పెరిగి దీవినే లోపలికి లాగేస్తుంది, గూళ్లతో సహా. మొదట వచ్చేది సాధారణంగా బుడబుంగ.

జమ్ము అల్లుకుంటే పైన కోస్తే లాభం లేదు. నీటిమట్టానికి ఒక అడుగు కింద కోయాలి. కోసిన కాడ మునిగి ఉంటే వేరుదుంపకు గాలి అందక కుళ్లిపోతుంది. పూర్తిగా తీసేయకండి, ఒడ్డు పొడవులో మూడో వంతు ఉండనివ్వండి. గుర్రపుడెక్క అయితే ఒక్క మొక్క కూడా వదలొద్దు.

చేపలు: తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, గంబూసియా మూడూ వద్దు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం ఎలాగూ మన దేశంలో నిషేధమే. దోమలకని గంబూసియా వేసేవాళ్లున్నారు, అవి కప్ప పిల్లల్ని తినేస్తాయి. దగ్గరి చెరువులోని పరిగెలు చాలు. కాలనీవాళ్లు ఎవరో రాత్రిపూట బకెట్‌తో తెచ్చి వదులుతారు, గేటు తాళం సెక్యూరిటీ దగ్గర ఉండాలి.

షీట్_గుంట:
ఇదే సందర్భంలో. హెచ్‌డీపీఈ (మందపాటి ప్లాస్టిక్) షీట్ వేసిన వాననీటి గుంటలు, ఫైర్ వాటర్ ట్యాంకులు చూసుకోండి. నీళ్లు తాగడానికి దిగిన ఉడుము, చెవులపిల్లి, కుక్కపిల్ల ఏదైనా ఆ నున్నటి వాలు ఎక్కలేక మునిగిపోతుంది. ప్రతి మూలా మీటరు వెడల్పు కొబ్బరిపీచు చాపనో, ముడులు వేసిన వలనో పైనుంచి నీటి అడుగు దాకా వేలాడదీయండి. పైన ఇనుప మేకు షీటుకు కొట్టకూడదు, కాంక్రీటు దిమ్మకు కట్టాలి. ఖర్చు ఏమంత కాదు, కొత్త చెట్లన్నిటికన్నా ముందు ఈ పని చేయొచ్చు.

33కేవీ:
ఎలుకలు, గుడ్లగూబల గురించి నేను చెప్తాను, ఎలక్ట్రికల్ మనిషిని.

గుడ్లగూబ పెట్టె కడితే కేబుల్ సెల్లార్‌లో ఎలుకలు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. సెల్లార్‌లోకి గుడ్లగూబ రాదు. అక్కడ పని సీలింగుదే. ప్యానెల్ కిందికి కేబుల్ వచ్చే ప్రతి రంధ్రం ఫైర్‌స్టాప్ మోర్టార్‌తో (నిప్పు పాకకుండా ఆపే గార) మూయాలి. చిట్టెలుకకు 6 మి.మీ. సందు చాలు. వెంటిలేటర్లకు 6 మి.మీ. వెల్డ్ మెష్. ఫోమ్ కొట్టి వదిలేస్తే రెండో వారానికి కొరికేస్తాయి. క్యాంటీన్ చెత్త మూతలేని డబ్బాల్లో ఉన్నంత కాలం ఏం చేసినా వృథా.

బయటి యార్డులో మాత్రం తెల్ల గుడ్లగూబ బాగా పనికొస్తుంది. పెట్టె 60 × 45 × 45 సెం.మీ., 12 మి.మీ. మెరైన్ ప్లై. ద్వారం 15 సెం.మీ. చదరం, పెట్టె అడుగు నుంచి ఒక జాన ఎత్తులో, పిల్లలు జారి పడకుండా. అడుగున నాలుగు 10 మి.మీ. రంధ్రాలు. 5 సెం.మీ. రంపపు పొట్టు. నేల నుంచి 5 మీటర్ల ఎత్తు, ద్వారం ఈదురువాన వచ్చే వైపుకీ ఫ్లడ్‌లైట్ వైపుకీ తిప్పొద్దు. లైవ్ లైను ఉన్న స్తంభానికి ఎప్పటికీ కట్టకండి. వానలు తగ్గి అక్టోబరు వచ్చేసరికి పెట్టెలు పైన ఉండాలి.

అసలు విషయం ఇది. పెస్ట్ కంట్రోల్ కాంట్రాక్టరు వాడేది చాలాచోట్ల బ్రోమాడియోలోన్ 0.005 శాతం కేకులు. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది, గుడ్లగూబకు అదే ముందు చిక్కుతుంది. అంటే ఒక చేత్తో పెట్టె కట్టి రెండో చేత్తో విషం పెడుతున్నాం. కాంట్రాక్టు పనుల జాబితాలో "బయటి ప్రాంతంలో యాంటీకోయాగ్యులెంట్ (రక్తం గడ్డకట్టనివ్వని) ఎరలు నిషిద్ధం, తాళం ఉన్న పెట్టెల్లో స్నాప్ ట్రాపులు మాత్రమే" అని రాయించండి. ఇది లేకుండా పెట్టెలు కట్టొద్దు.

సెక్యూరిటీ వాళ్లు "చావుపిట్ట" అని రాళ్లు వేస్తారు. వాళ్లతోనే పెట్టెల లెక్క రాయించండి, సమస్య చాలా వరకు అక్కడే తీరుతుంది.

తేనెతుట్టె:
ప్రీహీటర్ మీదివి కొండ తేనెటీగలు. కాల్చకండి, పెట్రోలు చల్లకండి, టవర్ మీద ఉన్నవాళ్లు పరిగెత్తలేరు. పట్టు ఉన్న అంతస్తుకు తాళం వేసి, 30 మీటర్ల లోపు గ్రైండింగ్, ఎయిర్ లాన్సింగ్ (గాలి ఒత్తిడితో అడ్డం తొలగించే) పని ఉంటే పని పర్మిట్‌లో తేనెటీగల గడి పెట్టండి. ఇవి సీజను మారితే వాటంతట అవే వెళ్లిపోతాయి. వెళ్లిన వారంలో పాత మైనాన్ని గీకి తీయించి, ఆ చోట వేడినీళ్లతో కడిగించండి. మైనం వాసన ఉంటే వచ్చే ఏడాది సరిగ్గా అదే దూలానికి వస్తాయి. పట్టుకు దగ్గర్లో తెల్లటి ఫ్లడ్‌లైట్ ఉంటే రాత్రి దీపం చుట్టూ మూగి కింద రాలతాయి. దాన్ని ఆర్పండి, లేదా కిందికి తిప్పి తొడుగు వేయండి. తప్పనిసరిగా తీయించాల్సి వస్తే తేనె తీసే అనుభవం ఉన్నవాళ్లను షట్‌డౌన్ రోజున పిలవండి.

మిషిగన్_మావయ్య:
ఇక్కడ అమెరికాలో ఆటో ప్లాంట్లలో ఉద్యోగుల బృందాలు ఇలాంటివి చాలాకాలంగా నడుపుతున్నాయి. 1988లో మొదలైన వైల్డ్‌లైఫ్ హాబిటాట్ కౌన్సిల్ దీనికే సర్టిఫికెట్లు ఇస్తూ వచ్చింది. వాళ్లు చూసేది ఎన్ని మొక్కలు నాటారని కాదు, ఏ పని ఏ జీవి కోసం, ఎవరు ఎప్పుడు లెక్కించారు అన్న రికార్డు. అది మీరూ పట్టుకోవచ్చు.

పద్ధతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఎత్తుకు రాకండి. ఇక్కడ బ్లూబర్డ్ పెట్టెకు 38 మి.మీ. రంధ్రం చేస్తారు, అందులోకి పిచ్చుక దూరితే బయటికి పంపేస్తారు, ఎందుకంటే ఇక్కడ పిచ్చుక పరాయిది, బ్లూబర్డ్ పిల్లల్ని చంపుతుంది. మనదగ్గర అదే పిచ్చుక కోసం 32 మి.మీ. రంధ్రంతో పెట్టెలు కడుతున్నాం! మోనార్క్ సీతాకోకల కోసం మిల్క్‌వీడ్ వేస్తారు, మనకా పని జిల్లేడు చేస్తుంది.

సీతాకోక_చిట్టా:
మావయ్య గారు చెప్పింది నిజమే. జిల్లేడు పీకేసి పెటూనియాలు వేసే తోటమాలులకు ఇది అర్థం కావాలి. గొంగళిపురుగు తినే మొక్క లేకుండా పూలు ఎన్ని పెట్టినా సీతాకోక వచ్చి పోతుంది, నిలవదు. కాలనీలో 10 × 10 మీటర్ల ఎండ తగిలే చోటు చాలు. నిమ్మ, కరివేపాకు, జిల్లేడు, రేల, గన్నేరు, ఈశ్వరి తీగ. తేనెకు తులసి, నూరువరహాలు, గడ్డి చేమంతి, జనుము. లంటానా వద్దు, పొదల్లోకి పాకుతుంది. ఒక మూల తడి ఇసుక, చిటికెడు ఉప్పు.

కరివేపాకు మీద పక్షిరెట్టలా కనిపించే చిన్న పురుగు సీతాకోక పిల్లే, చీడ కాదు. ఎవరో ఒకరు మందు కొడతారు, బోర్డు పెట్టండి. దోమల ఫాగింగ్ బండి ఈ చోటికి రాకుండా రూటు మార్చండి.

ఎల్లో_హెల్మెట్:
సేఫ్టీ తరఫున ఒక అభ్యంతరం. గడ్డి కోయకుండా వదిలేస్తే ఎండాకాలం నిప్పు. బొగ్గు యార్డు, డీజిల్ ట్యాంకు పక్కన ఒప్పుకోం.

బలుసుపొద:
మీరన్నది సరైనదే, కానీ దానికి మొత్తం గీకేయక్కర్లేదు. బొగ్గు, డీజిల్, ట్రాన్స్‌ఫార్మర్, ప్రహరీ వెంట 5 మీటర్ల పట్టీ ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి. మిగతా గడ్డి గింజ రాలాక, డిసెంబరు, జనవరిలో 15 సెం.మీ. ఎత్తు వదిలి కోయండి. ఒక ఏడు సగం, మరుసటి ఏడు మిగతా సగం. జూన్ నుంచి నవంబరు దాకా బ్రష్‌కట్టర్ దించొద్దు, కౌజు గూళ్లు నేల మీదే ఉంటాయి.

టెండర్_క్లాజ్:
పై పోస్టులన్నీ ఒక్క కాగితం దగ్గర ఆగిపోతాయి, దాని గురించి ఎవరూ రాయలేదు: గార్డెనింగ్ కాంట్రాక్టు.

చాలా ప్లాంట్లలో బిల్లు "శుభ్రం చేసిన చదరపు మీటరు" లెక్కన ఉంటుంది. అంటే ఆకులు ఊడ్చి, గడ్డి గీకి, ఆ చెత్త తగలబెడితేనే కాంట్రాక్టరుకు డబ్బు. మీ బృందం శనివారం వదిలిన ఆకుల పొరను సోమవారం వాళ్లు ఊడ్చేస్తారు, తప్పు వాళ్లది కాదు. ఐటమ్ మార్చాలి. నాటిన మొక్కకు బతికిన శాతం మీద చెల్లింపు, వదిలే ప్రాంతానికి "నిర్వహణ" పేరుతో నెలవారీ మొత్తం. గ్లైఫోసేట్ (కలుపు మందు) కొట్టరాదు, ఆకులు కాల్చరాదు, మ్యాపులో గుర్తించిన చోట యంత్రం దించరాదు, ఉల్లంఘిస్తే కోత. కాంట్రాక్టు ఏటా మారుతుంది కాబట్టి ఈ షరతులు ఐఎస్ఓ 14001 (పర్యావరణ నిర్వహణ ప్రమాణం) పత్రాల్లో కూడా ఎక్కించండి. అప్పుడే కొత్తవాళ్లు వచ్చినా, మీ బృందంలో సగం మంది బదిలీ అయినా నిలబడతాయి.

తోట పనివాళ్లను మీటింగులో కూర్చోబెట్టండి. ఏ పొదలో ఏ గూడు ఉందో ఇంజనీర్ల కన్నా వాళ్లకే తెలుసు.

సున్నపురాయి_షిఫ్ట్:
టెండరు వచ్చే నెలలో ఉంది, ఆ ఐటమ్ మారుస్తాం. ఒక చిన్న సంగతి. స్విచ్‌యార్డు కంకరలో తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. షట్‌డౌన్ ఇంకో పన్నెండు రోజుల్లో. గుడ్లు పక్కకు జరపొచ్చా?

33కేవీ:
జరపకండి. ఒక మీటరు జరిపినా తల్లి పిట్ట గుడ్లను వదిలేసి పోవచ్చు, పైగా చట్టం ఒప్పుకోదు. పొదిగే కాలం సుమారు 28 నుంచి 30 రోజులు, ఎప్పుడు పెట్టిందో మీకు తెలిస్తే లెక్క వేసుకోండి. షట్‌డౌన్‌లో ఆ బే (స్విచ్‌యార్డులో గూడు ఉన్న భాగం) పని చివరికి నెట్టండి. గూటికి 3 మీటర్ల దూరంలో నాలుగు ట్రాఫిక్ కోన్లు పెట్టండి, తాడు కట్టొద్దు, గుడ్డ కప్పొద్దు. పనిచేసేవాళ్లు ఒకే దారిలో నడవాలి. ఎండలో గుడ్ల మీద నుంచి తల్లిని లేపి నిలబెడితే కాకి తినకముందే ఎండకే పోతాయి, కాబట్టి ఆ వైపు పని ఉదయం 8 లోపు ముగించాలి.

అసలు ప్రమాదం గుడ్లు పొదిగాకే. పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి, కేబుల్ ట్రెంచ్ స్లాబుల మధ్య 4 సెం.మీ. సందు ఉంటే అందులో పడతాయి. ఇవాళే గూటి చుట్టూ 30 మీటర్ల దాకా ఉన్న స్లాబులన్నీ దగ్గరికి జరిపించండి. విరిగిన స్లాబు ఉంటే దాని మీద ప్లైవుడ్ ముక్క, తెరిచి ఉంచాల్సిన చోట లోపలికి ఒక గరుకు చెక్క పలక ఏటవాలుగా దించండి.

సున్నపురాయి_షిఫ్ట్:
మూడు స్లాబులు విరిగి ఉన్నాయి. స్టోర్స్‌లో ప్లైవుడ్ ఉంది, సాయంత్రం షిఫ్టుకు పర్మిట్ తీసుకుంటున్నాం.